కుర్చీ ఊగాలంటే కరెంటు ఎక్కడిది?

కామర్సు చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకునే నాకు వోల్టులతో, ఆంపియర్లతో ఏం పనని మీరడగవచ్చు. హోసూరులో మా ఇంటి వెనక గది చూస్తే అడగరు. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి పోయిన వేసవి సెలవుల్లో అక్కడ కారు సిమ్యులేటరు కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప చట్రం మీద పాత కారు సీటు, ఎదురుగా కంప్యూటరు. తెరమీద కారు మలుపు తిరిగితే సీటు పక్కకు ఒరగాలి, బ్రేకు వేస్తే ముందుకు వంగాలి. ఆ పనికి పాత సామాన్ల అంగడిలో కొన్న రెండు 12 వోల్టుల వైపరు మోటార్లు.

ఇలాంటి సరదా కొత్తదేమీ కాదు. 1929లోనే అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన విమానం నడపడం నేర్పే యంత్రం చేశాడు. వాళ్ల నాన్నది పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం. అందుకని ఆర్గన్ తిత్తులే తెచ్చి, గాలితో దాన్ని ఊపాడు. మావాడూ చేతికి దొరికినదే వాడాడు: మూలన పడున్న పాత కంప్యూటరు పవర్ సప్లై. కాకపోతే లింక్‌కు తన తిత్తుల సంగతి క్షుణ్ణంగా తెలుసు.

"450 వాట్లు నాయనా, ధారాళంగా చాలు" అన్నాడు. ఆదివారం చెల్లెల్ని కూర్చోబెట్టాడు. రెండో మలుపుకే సీటు ఒరిగినది ఒరిగినట్టే నిలిచిపోయింది. వాడు స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. మోటార్లు ఒక్క ఊపున సీటును నిటారుగా లాగేసరికి పిల్ల మోకాలు చట్రానికి కొట్టుకుంది. నాలుగు రోజులు కుంటింది. "ఏమండీ, ఆ దయ్యాన్ని పాత ఇనుముకు వేసేయండి" అంది మా ఆవిడ. వేయలేదు గానీ, లెక్క తేలేదాకా మీట నొక్కేది లేదన్నాను.

ఆ రాత్రి పెట్టె మీది చీటీ చదివాను. 450 వాట్లన్నది అన్ని తీగలకూ కలిపి. మాకు కావలసిన 12 వోల్టుల తీగలో ఉన్నది 16 ఆంపియర్లే, అంటే 192 వాట్లు. మిగతాది ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉన్న డబ్బులాంటిది, మన చెక్కుకు పనికిరాదు. ఇక ఖర్చు వైపు క్లాంపు మీటరు పెట్టి చూశాం. ఖాళీగా తిరిగితే ఒక్కో మోటారుకు నాలుగు ఆంపియర్లు. మనిషి బరువుతో ఉన్నపళాన దిక్కు మార్చితే ఇరవై. రెండూ ఒకేసారి లాగితే నలభై, అంటే 480 వాట్లు. సగటు చూసి మోసపోయామన్నమాట.

ఇంకో చిక్కుంది. వేగంగా తిరిగే మోటారును ఆపబోతే అది డైనమోలా మారి కరెంటును వెనక్కి తోస్తుంది. ఇలాంటి సప్లై ఇచ్చే కౌంటరే గాని పుచ్చుకునే కౌంటరు కాదు. వోల్టేజి పెరగ్గానే తలుపు మూసేస్తుంది.

కారు బ్యాటరీ అయితే ఇస్తుంది, పుచ్చుకుంటుంది కూడా. నా మొగ్గు మొదట దానికే. కానీ తీగలు పొరపాటున తగులుకుంటే వందల ఆంపియర్లు పారతాయి, తీగ ఎర్రగా కాలిపోతుంది. ఛార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మా వెనక గదికి కిటికీ లేదు.

చివరికి బెంగళూరు ఎస్.పి. రోడ్డులో సర్వర్లకు వాడి తీసేసిన పవర్ సప్లై కొన్నాం. 12 వోల్టులు, 60 ఆంపియర్లు. ఫ్యాను మోత మాత్రం పిండిమిల్లును తలపిస్తుంది! వెనక్కొచ్చే కరెంటు కోసం వోల్టేజి హద్దు దాటగానే కలుసుకునే ఒక రెసిస్టరు పెట్టాడు. అది వేడెక్కుతుంది కనుక జాలీ పెట్టెలో బిగించాం. మోటారుకొక ఫ్యూజు, చట్రానికి ఎర్త్ సరే. నేను పట్టుబట్టింది మాత్రం ఒక్క రిలే కోసం. కరెంటు పోయి వచ్చినా, పచ్చ బటన్ నొక్కేదాకా మోటార్లు కదలకూడదు. ఎర్ర బటన్ కొడితే వాటికి కరెంటు తెగిపోవాలి.

దీపావళికి అమ్మాయి మళ్లీ ఎక్కింది. ఎక్కేముందు ఒక్కటే అడిగింది: ఎర్ర బటన్ అన్న దగ్గర వద్దు, నా చేతికందాలి అని. వాడు మారుమాట్లాడకుండా స్క్రూలు విప్పి, తెచ్చి ఆమె కుడిచేతి పక్కన బిగించాడు.