శిక్షణకు రాలేని పెంపక కుటుంబములు: పంచాయతీ చేయదగిన పని

తల్లిదండ్రుల అండ లేని పిల్లవానిని అనాథాశ్రమమునకు పంపుటకు బదులు ఒక మంచి ఇంటిలో ఉంచి సాకించు ఏర్పాటు మన చట్టములో కలదు. దీనినే ఫోస్టర్ కేర్ అందురు. ఇది దత్తత కాదు. బిడ్డకు ఇంటిపేరు మారదు, ఆస్తిహక్కు రాదు. ఒక ఇంటి నీడ మాత్రము దొరకును. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము 44వ సెక్షను ప్రకారము బిడ్డను అట్టి ఇంటిలో ఉంచుమని ఆజ్ఞ ఇచ్చునది బాలల సంక్షేమ సమితి. ఖర్చునకు ప్రభుత్వము నెలనెలా సొమ్మిచ్చును. మిషన్ వాత్సల్య పథకము క్రింద అది బిడ్డకు నెలకు 4,000 రూపాయలు.

ఇట్టి కుటుంబములకు శిక్షణయు, సలహాయు ఇచ్చు బాధ్యతను కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములు జిల్లా బాలల పరిరక్షణ విభాగముపై ఉంచినవి. ఇవి 2016లో వెలువడి 2024లో సవరింపబడినవి. పిలుపు వచ్చినప్పుడు ఇల్లాలు పోలేదనుకొందము. ఆమెను మన్నింపవచ్చునా? సర్పంచిని అడిగి పత్రము తెచ్చుకొమ్మని చెప్పినచో పంచాయతీ ఏమి వ్రాయవలెను?

ముందుగా చట్టమేమనునో చూతము. 44వ సెక్షనులో శిక్షణగంటల లెక్క ఎక్కడను లేదు. సమితి నెలనెలా ఆ ఇంటిని తనిఖీ చేయవలెననియు, బిడ్డ ఆలనాపాలనలో లోపము కనబడినచో వానిని వేరొక ఇంటికి మార్చవలెననియు మాత్రమున్నది. అనగా తరగతి తప్పుట వేరు, బిడ్డను సరిగా చూడకపోవుట వేరు. ఒక పూట రానందుకు, ఆ ఇంటికి అలవాటుపడిన బిడ్డను కదలించుట ఎవరికిని మేలు కాదు.

అట్లని శిక్షణ లాంఛనప్రాయమని తలపరాదు. దానిలో ఏమున్నదో మానవపాడు ప్రాంతమువారికి ఒక్క ఉదాహరణతో తెలియును. గద్వాల సీమ సీడ్ పత్తికి పేరుపొందినది. ఆ చేలలో సాయంత్రము మొగ్గలలోని పుప్పొడి తిత్తులను గిల్లివేసి, మరునాటి ఉదయము మగమొక్కల పుప్పొడిని అద్దవలెను. కొన్ని వారములపాటు ఈ క్రాసింగు పని దినదినము సాగవలసినదే. దీనికి చిన్నచేతులు అనువని పిల్లలను దింపుట ఈ సీమలో చిరకాలపు వ్యసనము. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదనుచున్నది; బడి వేళ కాక సొంత కుటుంబపు పనిలో, అదియు అపాయము లేని పనిలో, సాయపడుటకు మాత్రము మినహాయింపు నిచ్చినది. అయితే ఆ చట్టమున కుటుంబమనగా తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లిదండ్రుల తోబుట్టువులు మాత్రమే. సాకుచున్న ఇల్లు అందులో లేదు. కన్నబిడ్డ బడి నుండి వచ్చి కొంత సాయము చేసిన తప్పు కాని చోట కూడ, సాకుచున్న బిడ్డ చేసినచో తప్పగును! ఈ సంగతి ఎవరును చెప్పనిదే ఆ ఇల్లాలికి తెలియుటెట్లు? ఆమె చెడ్డది కాదు. తన పిల్లలతోపాటే వానిని కూడ చేనికి తీసికొనిపోవును, అంతే.

కావున మన్నింపవలసినది తేదీని, పాఠమును కాదు. ఇంగ్లండులో క్రొత్తగా అనుమతి పొందిన పెంపకదారు 12 నెలలలో శిక్షణ ప్రమాణములను పూర్తిచేయవలెను. బిడ్డకు చుట్టమో, మునుపే తెలిసినవారో అయినచో 18 నెలల గడువుండును. గడువు పెంచిరి కాని పాఠమును ఎత్తివేయలేదు. అమెరికాలో పలు రాష్ట్రములు ఏటికిన్ని గంటలని నిర్ణయించి లైసెన్సుతో ముడిపెట్టినవి. ఆ గంటల లెక్క మనకు అంతగా పొసగునని తోచదు. వ్యవసాయపు పనులు క్యాలెండరు చూచి నడచునవి కావు గదా.

ఏ కారణము తగినది? బిడ్డకు జ్వరము, ఇంటిలో పురుడు, చావు, ఆసుపత్రి అన్నచో ప్రశ్నింప పనిలేదు. మానవపాడు నుండి గద్వాలకు రైలుమార్గమున్నది నిజమే. కాని బండి వేళ తరగతి వేళకు సరిపడవలెను, చంకబిడ్డను ఎవరైనను చూడవలెను. క్రాసింగు రోజులని చెప్పినచో ఒకసారి ఒప్పుకొనవచ్చును. మరుసటి పిలుపునకును అదే మాట వచ్చినప్పుడు మాత్రము సభ్యులొకరు ఇంటికి పోయి, "అక్కా, పిల్లవాడు ఈ వారము బడికి పోయినాడా?" అని అడిగి రావలెను. బడి హాజరుపట్టీ కూడ చూచుట మంచిది. బిడ్డ ఇంటికి చేరకముందు ఇచ్చు మొదటి శిక్షణ విషయమున మాత్రము, నా అభిప్రాయములో, మన్నింపు ఉండరాదు.

మన్నించు అధికారము పంచాయతీకి లేదు. ఉన్నదున్నట్లు తెలుపుటయే దాని పని. చూడని జ్వరమును చూచినట్లు వ్రాసిన పత్రము ఆ ఇల్లాలికి సాయము కాదు, బిడ్డకు అంతకంటె కాదు. రాలేని తేదీ, కారణము, దానిని స్వయముగా చూచినవారెవరు, ఆమె ఎప్పుడు రాగలదు అను నాలుగు వాక్యములు చాలును. నాలుగైదు ఇండ్లున్న మండలములో శిక్షకునినే పంచాయతీ కార్యాలయమునకు పంపుమని జిల్లా విభాగమును కోరవచ్చును. బీడుకాలమున, మధ్యాహ్నపు వేళ పెట్టుకొన్నచో మగవారు కూడ వత్తురు. వారును వినవలసిన పాఠమే ఇది.

ఇంకొక జాగ్రత్త. బిడ్డ ఆనవాలు తెలియునట్లు ప్రకటించుటను 2015 చట్టము 74వ సెక్షను నిషేధించుచున్నది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. అందుచేత ఈ పత్రమును గ్రామసభలో చదువుట గాని, ఊరి వాట్సాప్ గుంపులో పెట్టుట గాని తగదు. కవరులో పెట్టి జిల్లా విభాగమునకు పంపి, నకలును కార్యదర్శి బీరువాలో తాళము వేసి ఉంచవలెను.