కరెంటు లేని గంట ఖరీదెంత?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉత్తర కోస్తా జిల్లాల వారు పనులకు వచ్చి స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో ఇడ్లీ పిండికి గిరాకీ ఎక్కువ. అక్కడ కొత్తగా పిండి రుబ్బే యూనిట్ పెట్టుకున్న ఒక తెలుగు మహిళ జెనరేటరు నిమిత్తం రుణం కోరారు. "కరెంటు పోతే పిండి పులిసిపోతుంది బాబూ, అప్పు తీరేదెలా?" అన్నది ఆమె ప్రశ్న. సమంజసమైన భయమే. అయినను, జెనరేటరుకు నెలనెలా కట్టవలసిన వాయిదా కరెంటు ఉన్న రోజున కూడా ఆగదు కదా!

కనుక ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టమన్నాము. కరెంటు పోయిన వేళ, తిరిగి వచ్చిన వేళ, చెడిన సరుకు విలువ, ఇంతే. మీరును ఈ పని చేయండి. మూడు నెలల అనంతరం చూడగా ఎక్కువ అంతరాయాలు గంట లోపువే. వాటిలో రుబ్బుట ఆలస్యమైనదే గాని సరుకు చెడలేదు. నష్టమంతా రెండే రెండు సుదీర్ఘ అంతరాయాలలో వచ్చినది.

అనగా కాపాడవలసినది మోటారును కాదు, రుబ్బిన పిండిని. లెక్క చూడండి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. బ్యాటరీ మన్నవలెనంటే అందులో సగమే వాడుకోవలెను. 1 హార్స్‌పవర్ మోటారు దానిపై ముప్పావు గంట కూడా తిరగదు. అదే బ్యాటరీ రెండు దీపాలకు, కాటాకు, ఫోనుకు రాత్రంతా సరిపోతుంది. చల్లదనానికి మంచు చాలును: గ్రాము మంచు కరుగుటకు 80 కాలరీల వేడిని పీల్చుకుంటుంది. ఫ్రీజరులో ఖాళీ ఉన్నచోట నీటి సీసాలు గడ్డకట్టించి ఉంచండి. నిండుగా ఉన్న ఫ్రీజరు, మూత తెరవకుంటే, సుమారు 48 గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. సాధారణ ఫ్రిజ్ 4 గంటలే.

అవసరానికి రుబ్బించుకొనుటకు మరొక గ్రైండరు యజమానితో పరస్పర ఒప్పందం చేసుకొనుట కూడా మంచిదే. అయితే ఆ గ్రైండరు మీ ట్రాన్స్‌ఫార్మరు మీదనే ఉన్నచో ప్రయోజనం లేదు. రెండూ ఒకేసారి ఆగునట్టివైతే అవి రెండు కావు, ఒక్కటే. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి, సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలకు సరఫరా నిలిచినది. రైళ్లు దారిలో ఆగినవి. పశ్చిమ బెంగాల్ కూడా అందులో ఉన్నది. దక్షిణ గ్రిడ్ అప్పటికి విడిగా ఉన్నందున తప్పించుకున్నది. 2013 డిసెంబరు 31న అదియును జాతీయ గ్రిడ్‌తో కలిసినది. అట్టి రోజున పొరుగు వీధి గ్రైండరు ఆదుకోదు, మంచే ఆదుకొంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వేళ విశాఖలో కరెంటుతో పాటు ఫోన్లు కూడా మూగవోయినవి. కావున ఖాతా అంతా ఫోనులోనే ఉంచకండి. కాగితంపై నకలు, కొంత చిల్లర నగదు దగ్గర ఉంచుకొనండి.

జెనరేటరు తప్పనిసరి అయిన వ్యాపారాలూ లేకపోలేదు, పాలశీతలీకరణ అట్టిదే. వారు చేంజోవర్ స్విచ్చి లేకుండా కలపరాదు. మీ కరెంటు వెనుకకు పారి స్తంభంపై నున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. మూసిన గదిలో నడుపుటయు ప్రాణాంతకమే. సాధారణ అగ్నిప్రమాద బీమాలో కరెంటు పోయి సరుకు చెడుట చేరదు. ప్రత్యేకముగా అడిగి చేర్పించుకొనవలెను.

ఆ మహిళకు చివరకు చిన్న ఇన్వర్టరుకు, పాత ఫ్రీజరుకు మాత్రమే రుణం మంజూరైనది. రుబ్బుట తెల్లవారుజామునకు మార్చుకున్నారు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మట్టం నెలకొకసారి చూడమని, కుళాయి నీరు పోయవద్దని మరీమరీ చెప్పి వచ్చాము.