ఇంటికి వచ్చినవారు వెండితెరకు వెళ్లినప్పుడు

ఒక కథ ముగిసినదని నిర్ణయింపవలసినవారు ఎవరు? వ్రాసినవారా, ఆడినవారా, చూచినవారా? నవల విషయములో ఈ ప్రశ్న అంతగా రాదు. చివరి పుట వచ్చినది, పుస్తకము మూసినాము, అంతటితో సరి. కాని వారము వారము మన ఇంటికి వచ్చి, భోజనముల వేళకు పలుకరించి పోయెడి ధారావాహిక నాటకము సంగతి వేరు. అది ఆగిపోయిననాడు ఇరుగుపొరుగువారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్లుండును. కొన్నేండ్లకు అదే కథ చలనచిత్రమై వచ్చుచున్నదని వినగానే సంతోషముతో పాటు ఒక శంకయు పుట్టును. ఆ శంక ఎందువలన? అటువంటి చిత్రములలో కొన్నిటికి అభిమానులు హారతి పట్టుట, కొన్నిటికి ముఖము త్రిప్పుకొనుట ఏ కారణమున? తెలుగువారికి ఈ విషయమున చక్కని ఉదాహరణమొకటి గలదు. అది "అమృతం".

గుణ్ణం గంగరాజు గారి సృష్టియైన ఈ హాస్య నాటకము 2001 నవంబరు 18న జెమిని టెలివిజనులో ప్రారంభమై 2007 నవంబరులో ముగిసినది. ఆరు సంవత్సరములు, 313 భాగములు. ఆదివారము రాత్రి ఎనిమిదిన్నర దాని వేళ. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు స్నేహితులు. వారి భార్యలు సంజీవని, శాంత. ఇంటి యజమాని అప్పాజీ. "అమృత విలాస్" అను చిన్న హోటలు. అందులో పనిచేయు సర్వం. పరివారము ఇంతే. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు వ్రాయగా కల్యాణి మాలిక్ గారు స్వరపరచిన ఆ శీర్షిక గీతము వినబడగానే పొయ్యి తగ్గించి ముందుగదిలోనికి వచ్చిన ఇల్లాండ్రు ఎందరో.

ఆ నాటకమునకు ఒక నియమము గలదు. ప్రతి వారము స్నేహితులిద్దరును నాలుగు రాళ్లు వెనుకవేయుటకో, పదిమందిలో పేరు తెచ్చుకొనుటకో ఒక ఉపాయము పన్నుదురు. అరగంట గడచునప్పటికి ఆ ఉపాయము వారి నెత్తిమీదికే వచ్చును. మరుసటి ఆదివారమునకు దాని ఆనవాలే ఉండదు. హోటలు ఎప్పటివలెనే అంతంతమాత్రము. అప్పాజీ ఎప్పటివలెనే వాకిట ప్రత్యక్షము. ఎవరును బాగుపడరు, ఎవరును పూర్తిగా చెడరు. చూచువానికి ఇందులో గొప్ప ఊరట ఉన్నది. ఆ ఆరేండ్లలో మన ఇండ్లలో పిల్లలు పైచదువులకు పోయినారు, పెండ్లిండ్లు జరిగినవి, పెద్దలు కాలము చేసినారు. అమృత విలాస్ మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

ఇక్కడనే ఒక చిక్కు కనబడుచున్నది. అమృతరావు పాత్రను ఆ ఆరేండ్లును ఒక్కరే ధరింపలేదు. మొదట శివాజీ రాజా గారు, పిదప నరేష్ గారు, ఆ తరువాత హర్షవర్ధన్ గారు. అభిమానులు నటుని ముఖమునే ప్రేమింతురన్న మాట పూర్తిగా నిజమైన యెడల మొదటి మార్పునాడే ఆ నాటకము కూలిపోవలసినది. కూలిపోలేదు. హర్షవర్ధన్ గారినే అసలు అమృతరావుగా తలంచువారు నేడు ఎందరో ఉన్నారు. అట్లయిన 2014లో జరిగినదేమి?

ఆ సంవత్సరము మే నెలలో "అమృతం చందమామలో" అను చిత్రము విడుదలయినది. దర్శకులు గంగరాజు గారే. అనగా పరాయివాడెవడో కథను ఎత్తుకొనిపోయి పాడుచేసినాడని అనుటకు వీలులేదు. సృష్టికర్తయే తన పాత్రలను చేయిపట్టుకొని పెద్దతెరకు తెచ్చినారు. కాని అమృతరావు వేషమును అవసరాల శ్రీనివాస్ గారు, ఆంజనేయులు వేషమును హరీష్ గారు ధరించినారు. అప్పాజీగా శివన్నారాయణ గారు, సర్వముగా వాసు ఇంటూరి గారు పూర్వమువలెనే ఉన్నారు. ఇక కథ: స్నేహితులు చంద్రమండలమునకు పోయి అక్కడ అమృత విలాస్ తెరచుట! ఊహ చమత్కారమైనదే. అయినను చిత్రము ఆశించినంత ఆదరణము పొందలేదు. మా పాత అంజి ఏడి, ఈ చందమామ గొడవ ఏమిటి, అరగంట నవ్వును ఇంత సాగదీయుట ఎందుకు అని అభిమానులు పెదవి విరిచినారు.

నిర్మాతల వైపునుండి కూడ ఆలోచింపవలెను. ఇంట్లో ఊరకనే చూచినదానిని టిక్కెట్టు పెట్టి చూడవలెనన్నచో ప్రేక్షకుడు ఏదో ఒక అదనపు ఆకర్షణ కోరును. ఉన్నది ఉన్నట్లు చూపిన యెడల, "ఇందుకా ఇంత దూరము వచ్చినది?" అనును. క్రొత్తది చూపిన యెడల, "ఇది మా అమృతం కాదు" అనును. పైగా పెద్ద చిత్రమునకు ఆది, మధ్యము, అంతము కావలెను. చివరికి ఏదో ఒకటి మారవలెను. ఏమియు మారకపోవుటయే ప్రాణముగా గల నాటకమునకు ఇది పొసగని చొక్కా. చందమామను ఎన్నుకొనుట కేవలము విపరీతము కాదనియు, ఈ ఇరకాటమునుండి తప్పించుకొనుటకు చేసిన సాహసమనియు మా అభిప్రాయము.

సిరిసిల్ల నుండి కామారెడ్డి పోవు దారిలో ఎల్లారెడ్డిపేట గలదు. సాంచెల చప్పుడు, తునికాకు వాసన ఆ ప్రాంతపు సాయంకాలములకు గుర్తులు. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచు ఆ నాటకమును ఏండ్ల తరబడి చూచిన ఒక అవ్వను మేము అక్కడ ఈ సినిమా సంగతి అడిగినాము. "గా పిలగాడు మంచిగనే జేసిండు సారూ. గని మనింటికొచ్చెటోడు గాదు గద!" అన్నది. పాత్ర పేరు చెప్పలేదు, నటుని పేరు చెప్పలేదు. మనింటికి వచ్చెటోడు అన్నది. ఈ వ్యాసము వ్రాయవలెనని మాకు తోచినది ఆ మాట వలననే.

ఇంటికి వచ్చువానిని మనము గుర్తించుట ముఖము ఒక్కదాని చేతనే కాదు. వచ్చు వేళ, కూర్చుండు చోటు, వెంట వచ్చు మనుష్యులు, ఇవన్నియు కలిసి ఆ మనిషి. నాటకములో అమృతరావు మారిననాడు పక్కన గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు ఉన్నాడు. అదే వాకిలి ఉన్నది, అదే ఆదివారము ఉన్నది. ఇంటికి ఒక స్తంభము మార్చునప్పుడు తక్కినవి కప్పును మోయును. నాలుగైదు వారములు గడచునప్పటికి క్రొత్త స్తంభమునకును పాత సున్నమే పడును. చిత్రములో ఈ అవకాశము లేదు. స్నేహితులిద్దరును ఒక్కసారిగా మారినారు. ఇల్లు విడిచి ఆకాశమునకు పోయినారు. అలవాటు పడుటకు వారములు లేవు, ఉన్నవి రెండు మూడు గంటలు మాత్రమే. పాత అప్పాజీ, పాత సర్వం కనబడుట వలన ఈ వెలితి తగ్గుటకు బదులు హెచ్చినదేమో అని కూడ అనిపించును. అందరును క్రొత్తవారైన యెడల వేరొక కథ అనుకొని సరిపెట్టుకొందుము. ఇద్దరు తెలిసినవారు ఎదుట నిలిచినప్పుడే రానివారి సంగతి గుర్తుకు వచ్చును.

ఇది టెలివిజను వచ్చిన తరువాత పుట్టిన గుణము కాదు. ఉత్తర తెలంగాణమున చిందు బాగోతము ఆడెడి కుటుంబములకు ఏ ఊళ్లు ఎవరివో తరతరముల కట్టడి ఉండెడిది. తండ్రి కట్టిన వేషము కొడుకునకో కోడలికో వచ్చును. అయితే ఆ బిడ్డ చిన్ననాడు అదే ఆటలో చిన్న వేషము కట్టుటను ఊరు చూచియే ఉండును. ముఖము మారినది, వరుస తప్పలేదు. ఆ మార్పు ప్రేక్షకుల కన్నుల ఎదుట జరిగినది.

రేడియోవారమైన మాకు ఈ సంగతి మఱింత బాగుగా తెలియును. మాకు గొంతే ముఖము. హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమములో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు అను పాత్రలను ఎరుగని శ్రోత ఒకప్పుడు అరుదు. ఎప్పుడును చూడని ఆ మనుష్యుల ఇల్లు ఎట్లుండునో, ఎవరు ఎక్కడ కూర్చుందురో శ్రోతలు తమంతట తాము కల్పించుకొన్నారు. ధారావాహిక నాటకములో ఒక నటునికి జ్వరము వచ్చినచో వేరొక గొంతుతో ఆ పాత్రను పలికించుటకంటె, ఆ పాత్రను నాలుగు వారములు అత్తవారి ఊరికి పంపుటయే మేలని మా వృత్తిలో అందుము. మనిషి ఊరికి పోయినాడన్న శ్రోతలు నమ్ముదురు. గొంతు మారిన నమ్మరు.

కథ దుఃఖకరమైనదైనను కొనసాగింపును జనులు స్వీకరింతురనుటకు 1988 నాటి ఉదంతము సాక్ష్యము. రామానంద సాగర్ గారి "రామాయణ్" 1987 జనవరి 25న దూరదర్శనులో ప్రారంభమై, మరుసటి సంవత్సరము జూలై 31న ముగిసినది. టెలివిజను లేనివారు ఉన్నవారి ఇంటికి పోయి, అర్థము కాని హిందీని సైతము అర్థము చేసికొని చూచిన ఆదివారములు అవి. పట్టాభిషేకముతో మంగళము పాడగా, ఉత్తర కథ కావలెనని జనులు పట్టుపట్టినారు. జలంధరు మొదలగు ఉత్తరదేశపు పట్టణములలో పారిశుద్ధ్య కార్మికులు అందుకై సమ్మె చేసినారు. వారు వాల్మీకి మహర్షిని తమవానిగా కొలుచువారు. ఆయన స్వయముగా కథలో పాత్రయై, సీతకు ఆశ్రయమిచ్చు భాగమును చూపక విడుచుట వారికి కొరతగా తోచినది. అది వినోదపు కోరిక మాత్రమే కాదు, గౌరవపు కోరిక. ఆ సంవత్సరమే "ఉత్తర రామాయణ్" వచ్చినది. సీతా పరిత్యాగము కంట తడి పెట్టించు ఘట్టము. తిక్కన నిర్వచనోత్తర రామాయణము మొదలు 1963 నాటి "లవకుశ" వరకు ఆ దుఃఖమును ఎరిగిన తెలుగువారు కూడ దానిని చూచినారు. అదే అరుణ్ గోవిల్, అదే దీపికా చిఖ్లియా, అదే ఆదివారపు ఉదయము, అదే గది. సుఖాంతమును చెరిపివేసిన కొనసాగింపు ఆదరింపబడినది. నవ్వించుటకే వచ్చిన కొనసాగింపు అంతగా ఆదరింపబడలేదు. కనుక చిక్కు కథలో లేదనుట న్యాయము.

ఇంగ్లండులో "డౌన్టన్ ఆబీ" అను చారిత్రక నాటకము 2010 నుండి 2015 వరకు టెలివిజనులో నడచినది. 1912 మొదలు 1926 వరకు ఒక జమీందారీ మేడలోని యజమానుల జీవితము, వంటయింటి సేవకుల జీవితము దానికి వస్తువు. 2019లో అది చలనచిత్రమైనది. రచయిత జూలియన్ ఫెలోస్ గారే. నటులు మిక్కిలిగా పూర్వపువారే. మేడ అదే హైక్లేర్ కోట. పెద్దతెరకు తగిన ఆర్భాటము కావలెను గదా! అందుకై ఆయన ఎవరిని ఎక్కడికిని పంపలేదు. ఐదవ జార్జి చక్రవర్తినే ఆ ఇంటికి అతిథిగా రప్పించినారు. వెండి పాత్రలు తోముటలో, వంట ఎవరు చేయవలెనన్న పంతములో రెండు గంటలు గడచిపోయినవి. ఇది ఒక పెద్ద భాగమువలె ఉన్నదే గాని చిత్రమువలె లేదని కొందరు విమర్శకులు అన్నారు. అభిమానులు కోరినది సరిగా అదే. ప్రపంచమంతట 19 కోట్ల డాలర్లకు పైగా వసూలైనది. చక్రవర్తి ఇంటికి వచ్చుట, ఇంటివారు చంద్రునికి పోవుట: ఈ రెండు ఉపాయములను పక్కపక్కన పెట్టి చూచిన తేడా తెలియును. రెండవ చిత్రములో, 2022లో, ముసలి దొరసాని పాత్రకు మరణము కల్పించినారు. ఆ పాత్రధారిణి మ్యాగీ స్మిత్ గారు 2024 సెప్టెంబరులో నిజముగానే పరమపదించినారు. 2025లో వచ్చిన మూడవ చిత్రములో ఆ వేషమును వేరొకరికి ఇచ్చుటకు ఎవరును తలపెట్టలేదు.

మనకును అటువంటి లోటు కలిగినది. గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలో కీర్తిశేషులైనారు. రెండేండ్లకు "అమృతం ద్వితీయం" జీ ఫైవ్ లో వచ్చినది. హర్షవర్ధన్ గారు మరల అమృతరావు, శివన్నారాయణ గారు అప్పాజీ, వాసు గారు సర్వం. ఆంజనేయులుగా ఎల్. బి. శ్రీరామ్ గారు. ఆయన చేయితిరిగిన నటులు, రచయితలు. కాని ఎదుట నిలిచినది పోటీకి రాని మనిషి జ్ఞాపకము. దానితో ఎవరు పోటీపడగలరు? విడుదలయిన దినము 2020 మార్చి 25, శార్వరి ఉగాది. దేశమంతట లాక్‌డౌను ఆరంభమైన దినమును అదే. మూడు దినములకు దూరదర్శను పాత "రామాయణ్"ను మరల ప్రసారము చేయసాగినది. వీధిలోనికి పోవుటకు వీలులేని ఆ వారమున ముప్పది ఏండ్ల నాటి చుట్టములును, పదునెనిమిదేండ్ల నాటి చుట్టములును ఒకేసారి ఇండ్లలోనికి వచ్చినారు.

నేడు "అమృతం" పాత భాగములు యూట్యూబులో దొరుకుచున్నవి. ఆదివారము రాత్రి దాక వేచియుండవలసిన పనిలేదు. 2007 తరువాత పుట్టిన పిల్లలు అన్నము తినుచు, బస్సులో పోవుచు, తోచిన భాగము తోచిన వేళ చూచుచున్నారు. వారికి ముగ్గురు అమృతరావులును ఒకే సాయంకాలము కనబడుదురు. ముగ్గురిలో ఎవరు ముందో, ఎవరు వెనుకో వారికి తెలియదు. ఎవరు మేలని తగవులాడుచుందురు. అంజి విషయములో మాత్రము వారికిని తగవు లేదు.