ఏడాదంతా ఎంత వాన పడిందని కాదు.. ఎప్పుడు పడిందన్నదే పాయింట్! కడప శనగ రైతుల లెక్క ఇదీ

‘జిల్లాలో సాధారణ వర్షపాతం’ అని వార్త వస్తుంది. అదే ఏడాది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు శనగ రైతు నష్టపోయానంటాడు. రెండూ నిజమే కావొచ్చు. ఎలాగంటే..

కడప జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 700 మిల్లీమీటర్లు. సగానికి పైగా నైరుతిలో, మిగతాలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఇక్కడి నల్లరేగడిలో రబీ శనగకు చాలాచోట్ల నీటి తడి ఉండదు. సెప్టెంబరు, అక్టోబరు వానలను భూమి తాగి దాచుకుంటుంది. ఆ పదును మీదే విత్తు పడుతుంది. తర్వాత మూడు నెలలకు పైగా పంట బతికేది ఆ దాచిన తేమతోనే. అందుకే శనగ మంచుకే పండుతుందంటారు కానీ, అసలు పెట్టుబడి నేలలోని నీళ్లే!

జూలైలో కుండపోతగా కురిసి అక్టోబరులో మబ్బు ముఖం చాటేస్తే? ఏడాది మొత్తం అంకె బాగానే కనిపిస్తుంది, విత్తనం మాత్రం సరిగా మొలవదు. పోనీ విత్తాక ముంచెత్తిందా.. గింజ కుళ్లుతుంది, మళ్లీ విత్తనం కొనాలి. 2021 నవంబరు వానలకు జిల్లాలో శనగ చేలు దెబ్బతిన్నది ఇలాగే. పూత మీద ముసురు పట్టినా పూత రాలుతుంది, పచ్చపురుగు రెచ్చిపోతుంది. మొక్క ఎదిగే దశలో ఒక్క మోస్తరు జల్లు పడితే మాత్రం పంటకు ప్రాణం లేచొస్తుంది.

గోధుమతో పోల్చి చూడండి. పంజాబ్‌లో దాదాపు మొత్తం గోధుమ సాగునీటి కిందే. వాన తగ్గితే మోటారు వేస్తారు. అక్కడ దెబ్బ వేడితో వచ్చింది.. 2022 మార్చి ఎండలకు గింజ నొక్కుకుపోయి, మే నెలలో కేంద్రం ఎగుమతులు ఆపేసింది. మన దగ్గర కేసీ కాలువ కింద వరి వేసే ప్రొద్దుటూరు రైతుకు కాస్త భరోసా ఉంది, కాలువ అందని మెట్ట రైతుకు అదీ లేదు.

మరి చేయగలిగిందేంటి? పొడి దుక్కిలో తొందరపడి విత్తకుండా పదును చూసుకోవడం, విత్తనశుద్ధి చేయడం. త్వరగా కోతకొచ్చే జేజీ-11 ఇక్కడ బాగా పాకిందీ అందుకే.. నేలలో తేమ అయిపోయేలోపే, ఫిబ్రవరి ఎండలు ముదరకముందే గింజ చేతికొస్తుంది.