బంతి భోజనం

బంతి భోజనం అనగా అతిథులను నేలపై వరుసగా కూర్చుండబెట్టి, వారి ఎదుట విస్తళ్ళు వేసి, అందరికీ ఒకేసారి వడ్డించే తెలుగువారి సంప్రదాయ భోజన పద్ధతి. ‘బంతి’ అనునది ‘పంక్తి’ అనే సంస్కృత పదానికి వికృతి. నల్లమల, వెలికొండల నడుమనున్న కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో పెండ్లి, ఉపనయనం, గృహప్రవేశం, తిరునాళ్ళ సంతర్పణ వంటి సందర్భాలలో ఈ పద్ధతి తరతరాలుగా ఉన్నది. ఇందులో చేయే ప్రధాన సాధనం. చేతితో తినడానికి నియమమేమున్నదని బయటివారికి తోచవచ్చును గాని, జపానువారు ‘హాషి’ అనే పుల్లల వాడుకలో పాటించే మర్యాదల వలెనే దీనికీ సూక్ష్మమైన నియమాలు ఉన్నాయి. వాటిలో అధిక భాగం ‘ఎంగిలి’ అనే ఒక్క భావన నుండి పుట్టినవే.

విస్తరి

కోస్తాలో అరటి ఆకు, ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు వాడుకలో ఉండగా, నల్లమల అంచు గ్రామాలలో మోదుగ ఆకు ప్రసిద్ధం. మోదుగకు ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులుంటాయి. వేసవి ఆరంభంలో చెట్టు ఆకు రాల్చి ఎర్రని పూలు పూస్తుంది. తరువాత వచ్చిన ఆకును ముదిరిన పిమ్మట కోసి, సన్నని పుల్లలతో గుండ్రంగా కుడతారు. ఎండిన విస్తళ్ళను కట్టలుగా కట్టి దాచుకోవచ్చును. కనుక ఇంట్లో శుభకార్యం ఉన్నదంటే స్త్రీలు నెలల ముందు నుండే విస్తళ్ళు కుట్టడం మొదలుపెట్టేవారు. పాయసం వంటి ద్రవపదార్థాలకు అదే ఆకుతో దొప్పలు కుడతారు.

అరటి ఆకు వేసినప్పుడు దాని కొస భోక్తకు ఎడమ ప్రక్కన ఉండాలి. వెడల్పైన భాగం కుడి చేతి వైపు ఉంటే అన్నం కలుపుకొనుటకు వీలుగా ఉంటుంది. వడ్డనకు ముందు విస్తరిపై నీళ్ళు చల్లి తుడుచుకొంటారు. మోదుగ విస్తరికి ఇది శుభ్రత కోసమే కాదు, ఎండిన ఆకు కొంచెం మెత్తబడి పగలకుండా ఉండడానికి కూడా.

చేయి వాడే తీరు

బాసిపట్టు వేసుకొని, విస్తరి వైపు కొంచెం వంగి కూర్చొనడం పద్ధతి. కుడి చేతితోనే తినాలి. ఎడమ చేయి అన్నాన్ని తాకరాదు. అన్నాన్ని వ్రేళ్ళ కొసలతో కలిపి, చిన్న ముద్ద చేసి, బొటనవ్రేలితో నోటిలోనికి నెట్టాలి. మెతుకులు వ్రేళ్ళ రెండవ కణుపు దాటకుండా, అరచేతికి అంటకుండా తినడం నేర్పుగా భావింపబడుతుంది. చారు పోయించుకొనేటప్పుడు అన్నపు రాశి నడుమ గుంట చేసి, చుట్టూ గట్టు నిలపాలి. ఆ గట్టు తెగి చారు ప్రక్కవాని విస్తరి వైపు పారడం పిల్లల విషయంలోనే క్షమింపబడుతుంది.

అయితే ఈ నియమాలన్నీ వరి అన్నాన్ని ఉద్దేశించినవి. గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువు ఆయకట్టులో వరి పండినప్పటికీ, చుట్టుప్రక్కల మెట్ట గ్రామాలలో జొన్న, సజ్జ, కొర్రలే నిత్యాహారంగా ఉండేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత పేదల ఇండ్లలోనూ వరి అన్నం నిత్యాహారమైనది. జొన్న సంగటి తినే తీరు వేరు. ముద్ద నడుమ గుంటలో పులుసు గాని పప్పు గాని పోసుకొని, అంచు నుండి తుంచి, అందులో అద్దుకొని తింటారు. సంగటిని అన్నం వలె పిసికి కలపడం చేతకానితనంగా నవ్వులపాలయ్యేది.

ఎంగిలి

నోటిని గాని, నోటిని తాకిన చేతిని గాని తాకిన పదార్థం ఎంగిలి. కన్నడంలో ఎంజలు, తమిళంలో ఎచ్చిల్, హిందీలో జూఠా అనే మాటలు ఈ భావాన్నే చెపుతాయి. వడ్డించేవారు గరిటెను విస్తరికి గాని, తినేవారి చేతికి గాని తగలనీయక పైనుండి వేయడానికి కారణమిదే. గరిటె తగిలితే దానిని ముంచిన పాత్రలోనిదంతా ఎంగిలి అయినట్లే. తినేవారు తమంతట తాము పాత్రలోని పదార్థాన్ని తీసుకొనరాదు. కుడి చేయి ఎంగిలి గనుక నీళ్ళ లోటాను ఎడమ చేతితో పట్టుకొని, పెదవులకు తగలకుండా ఎత్తి త్రాగుతారు.

జపానులో కూడా అందరికీ ఉంచిన పాత్ర నుండి తన పుల్లలతో నేరుగా తీసుకొనడం మర్యాద కాదు. అందుకు ప్రత్యేకమైన పుల్లలు ఉంచుతారు. పుల్లలను అన్నంలో నిలువుగా గ్రుచ్చడం, ఒకరి పుల్లల నుండి మరొకరి పుల్లలకు ఆహారం అందించడం అక్కడ నిషిద్ధం. మొదటిది మృతులకు పెట్టే అన్నాన్ని, రెండవది దహనానంతరం అస్థులను ఏరే తీరును గుర్తుకు తెస్తుంది.

ఎంగిలికి మినహాయింపులు లేకపోలేదు. తల్లీబిడ్డల నడుమ ఎంగిలి పట్టింపు ఉండదు. పిల్లలు మిఠాయిని గుడ్డలో చుట్టి కొరికి పంచుకొంటే అది ‘కాకెంగిలి’, అనగా దోషం లేనిది. ‘ఎంగిలి పడటం’ అనగా ఏదో కొంచెం తినడం అనే అర్థం కూడా వాడుకలో ఉన్నది.

వడ్డన

ఉప్పు, ఊరగాయ, కూరలు, పప్పు, అన్నం, నెయ్యి వడ్డించి, బంతిలో చివరివారికి కూడా అందిన తరువాతనే పెద్దలు తినడం ఆరంభిస్తారు. బ్రాహ్మణ కుటుంబాలలో విస్తరి చుట్టూ నీరు త్రిప్పి, ఔపోసనం పట్టి మొదలుపెడతారు. మిగిలినవారు గోవింద నామస్మరణ చేయడం కద్దు. ముస్లిముల ఇండ్లలో దస్తర్‌ఖాన్ పరచి, చేతులు కడుగుకొని, బిస్మిల్లాతో ఆరంభిస్తారు. అక్కడ కూడా కుడి చేతి నియమం ఉన్నది.

అన్ని విస్తళ్ళలోనూ సమానంగా వడ్డించకపోవడాన్ని వలపక్షం అంటారు. ఇది ఆతిథ్యంలో పెద్ద దోషం. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదనే సామెత ఈ దోషం ఎంత సాధారణమో తెలుపుతుంది. పదార్థం అయిపోతే ‘లేదు’ అనరాదు, ‘నిండుకున్నది’ అనాలి. అతిథి వద్దనుకొంటే విస్తరికి అడ్డంగా చేయి చాపుతాడు. ఒకసారి వద్దనడం మొహమాటంగానే లెక్క. కాబట్టి మరల అడగడం వడ్డించేవారి విధి.

ప్రక్కవారు తింటుండగా లేవరాదు. బంతిలో పెద్దవారు లేచిన తరువాతనే మిగిలినవారు లేస్తారు. శుభకార్యాలలో విస్తరిని తన వైపుకు మడవడం పలుచోట్ల ఆచారం. అసలు మడవని కుటుంబాలూ ఉన్నాయి. అశుభ సందర్భాలలో భోజనం చేసినవారు ‘వెళ్ళి వస్తాము’ అని చెప్పకుండానే వెళ్ళిపోతారు.

బంతిలో చోటు

ఇన్ని మర్యాదలున్న ఈ బంతిలో అందరికీ చోటు ఉండేది కాదు. ఏ కులం వారి ప్రక్కన ఏ కులం వారు కూర్చొనవచ్చునన్నది కట్టుబాటుగా ఉండేది. దళితులకు దూరంగా, చివరకు వడ్డించేవారు. ఎంగిలి విస్తళ్ళు ఎత్తే పని మాత్రం వారికో, ఇతర సేవక కులాలకో పడేది. గ్రామాల టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు ఉంచే ‘రెండు గ్లాసుల పద్ధతి’ కూడా ఈ అంటు భావన విస్తరించినదే. ఎంగిలి నియమం ఎవరి నోటికైనా ఒకటే. అంటరానితనంలో నోటితో నిమిత్తం లేదు, పుట్టుకే చాలును. ఈ రెండింటినీ ఒకటిగా చూపి సమర్థించుకొనడం జరిగినది.

దీనికి ఎదురుగా నిలిచిన ఉదాహరణ పొరుగునే ఉన్నది. 12వ శతాబ్దపు పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాపపై కూర్చుండబెట్టి ‘చాపకూడు’ పెట్టించినట్లు ప్రతీతి. కారంపూడిలో ఏటా జరిగే పల్నాటి వీరుల ఉత్సవాలలో నేటికీ చాపకూడు ఒక రోజు కార్యక్రమం. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల అనంతరం, 2003 నుండి రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైనది. ఊరిలోని పిల్లలందరూ కులభేదం లేక ప్రతిదినం ఒకే వరుసలో కూర్చొని తినవలసి రావడం పల్లెలలో చిన్న మార్పు కాదు.

నేటి స్థితి

ప్రస్తుతం పెండ్లిళ్ళలో బల్లలు, కుర్చీలు వేసి, బల్లపై కాగితం పరచి బంతి నడుపుతున్నారు. నేలపై బంతి దేవాలయ సంతర్పణలలోను, కొన్ని ఇండ్లలోను మిగిలినది. మోదుగ విస్తరి స్థానాన్ని కాగితపు, ప్లాస్టిక్ పళ్ళేలు ఆక్రమించగా, 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, చెంచాలు దేశమంతటా నిషేధింపబడినవి. నిలబడి తినే బఫే పద్ధతిలో పళ్ళెం ఎడమ చేతికి వచ్చినది. గరిటె పట్టి వడ్డించుకొనవలసినది తినేవారే అయినది. ఎంగిలి చేతితో గరిటె ముట్టరాదనే పట్టింపు ఉన్నవారు రెండవసారి వడ్డించుకొనుటకు పళ్ళేన్ని కుడి ముంజేతిపై ఆనించుకొని, ఎడమ చేతితో గరిటె పట్టడం విందులలో కనిపిస్తుంది.