గుండులేని తూటా

1959వ సంవత్సరమున లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పులకు నేలకొరిగిన పదిమంది పోలీసు జవానుల స్మృత్యర్థమై ఏటేట అక్టోబరు 21వ తేదీని దేశమంతట సంస్మరణ దినముగా పాటించుట ఆచారమైనది. ఆ దినములలోనే మన తెలంగాణమున పోలీసు కవాతు మైదానములందు ‘ఓపెన్ హౌస్’ అను పేర ఆయుధ ప్రదర్శనములు జరుగును. ధర్మసాగరు బడినుండి బస్సెక్కి వచ్చిన బాలుడొకడు, బల్లమీద పరచిన త్రీనాట్‌త్రీ, ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్ తుపాకులను రెప్పవాల్పక చూచి, అనుమతి దొరకినచో ఒకదానిని భుజమునకు ఆనించుకొని, ప్రక్కనున్న స్నేహితుని వంకకు గొట్టము త్రిప్పి ‘ఢాం’ అనుట మనము సులభముగా ఊహింపగల దృశ్యము. తుపాకి ఖాళీదే, ఐనను బల్లవెనుకనున్న జవాను చటుక్కున చేయిచాచి గొట్టమును నేలవైపునకు వంచును. ఆ చేతికి అంత తొందర యేల కలిగెనో తెలియవలెనన్నచో తుపాకి చరిత్రకంటె తూటా చరిత్ర, అందును సిబ్బంది ‘బ్లాంక్’ అని పిలుచు గుండులేని తూటా చరిత్ర, తెలిసికొనుట మేలు.

మందును, గుండును వేర్వేరుగా కూరు దినములలో ఈ వస్తువుతో పనియే లేకుండెను. చప్పుడు మాత్రమే కావలసినవాడు మందు పోసి, పీచు దట్టించి, గుండు మానివేసెడివాడు. మందును, గుండును, నిప్పు పుట్టించు టోపీని ఒక్క ఇత్తడి గొట్టమున బంధించిన తూటాలు పందొమ్మిదవ శతాబ్ది నడుమ వెలువడి, 1866లో బాక్సరు రూపొందించిన తూటాను బ్రిటిషు సైన్యము స్నైడరు తుపాకికి స్వీకరించిన పిదప, గుండు మానివేయు స్వాతంత్ర్యము సిపాయి చేతినుండి కార్ఖానా చేతికి పోయినది. నాటినుండి ఉత్త చప్పుడును సైతము కార్ఖానాయే ప్రత్యేకముగా తయారుచేసి, పెట్టెలో సర్ది, చీటి అంటించి పంపవలసివచ్చెను. అపాయమునకు బీజము అచ్చటనే పడినది. ఏలయన గుండు ఉన్నదో లేదో కూరినవానికి తెలిసినట్లు చీటి చదివినవానికి తెలియదు.

త్రీనాట్‌త్రీ బ్లాంక్ నొకదానిని అరచేతిలో నుంచుకొని చూడుడు. అడుగున నిజమైన తూటాకున్నట్లే అంచు, నడుమ గుండ్రని టోపీ, అదే ఇత్తడి మెరుపు. మీదికి పోగా, రమారమి 11 గ్రాముల బరువుగల కోసుగుండు ఉండవలసిన చోట మూతి లోనికి ముడిచి పూరేకులవలె మడవబడియుండును. లోన మందు మాత్రము నిజమైనదే. గుండు అడ్డము లేకున్నను ఒత్తిడి పుట్టవలెను గనుక త్వరితముగా కాలు జాతిమందును ఏరి నింపుదురు. మొక్కజొన్న చేలలో కోతులను తరుముటకు మన రైతులు కార్బైడుమీద నీరు చిలికి ప్రేల్చు గొట్టమునందును గుండు లేదు. శబ్దమునకు కారణము ఒక్కుమ్మడి వెలికురుకు వేడి వాయువే. ఆ వాయువు పది గజముల దూరమున ఉత్త గాలి. జానెడు దూరమున అది ఉలివంటి ఆయుధము. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అను అమెరికా నటుడు చిత్రీకరణ విరామమున బ్లాంక్ నింపిన రివాల్వరును వేళాకోళమునకు కణతకు ఆనించుకొని మీట నొక్కగా, మందును అదిమియుంచు చిన్న బిరడాయే కపాలమును చిట్లించి ఆతని ప్రాణము తీసినది.

వాయువు ఒత్తిడితో తమంతట తామే మరల నిండుకొను ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్ వంటివి బ్లాంక్‌తో ఒక్కసారి ప్రేలి ఊరకుండును. గొట్టపు మూతికి ప్రత్యేక పరికరము బిగించిననే గాని మరల నిండవు. బోల్టును చేతితో లాగు త్రీనాట్‌త్రీకి ఆ చిక్కు లేదు; ఆ వృద్ధ తుపాకి గౌరవ వందనములకు ఇన్నాళ్ళు నిలుచుటకు ఇదియొక కారణము. బ్లాంకులును ఒక్కొక్కప్పుడు మొండికెత్తును. 2019 ఆగస్టులో బీహారు మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రా అంత్యక్రియలలో 22 తుపాకులు ఎత్తగా ఒక్కటియు ప్రేలకపోవుట దేశమంతట నవ్వులపాలైనది.

అయితే బ్లాంక్‌కు గల ఘోరదోషము ప్రేలకపోవుట గాదు, నిజమైనదానిని పోలియుండుట. పోలికయే దాని ప్రయోజనము. పోలికయే దాని పాపము. 1993లో బ్రాండన్ లీ నటించుచున్న చిత్రమునకు, చూపుటకై, మందు తీసివేసిన డొల్లతూటాలను సిద్ధపరచిరి గాని, అడుగుననున్న టోపీని తీయ మరచిరి. మీట నొక్కినప్పుడు ఆ టోపీ బలముచేతనే గుండొకటి కదలి గొట్టము నడుమ ఇరుక్కొనియుండగా, ఎవ్వరును గమనింపలేదు. పిదప అదే రివాల్వరున బ్లాంక్ పెట్టి కాల్చిరి. డొల్లకు గుండు కలదు, మందు లేదు. బ్లాంక్‌కు మందు కలదు, గుండు లేదు. రెండును ఒకే గొట్టమున కలిసికొని సంపూర్ణమైన తూటాయైనవి. ఆ యువనటుడు మరణించెను.

పోలీసు శిక్షణలో సామాన్య పౌరుడు పాల్గొనినప్పుడు ఈ పోలిక యేమి చేయునో 2016 ఆగస్టు 9వ తేదీన ఫ్లోరిడాలోని పుంటా గోర్డా పట్టణము చూచినది. పౌరులకు పోలీసు పనిని పరిచయము చేయు తరగతియది. కాల్చవలెనా, మానవలెనా అను నిర్ణయమునకు పోలీసు వానికి ఎంత స్వల్పకాలము చిక్కునో చూపుటకై ఒక చిన్న నాటకమాడించిరి. డెబ్బదిమూడేండ్ల విశ్రాంత గ్రంథాలయోద్యోగిని పోలీసు పాత్రకు ఎంపికకాగా, దుండగుని వేషము వేసిన పోలీసు ఉద్యోగి తన రివాల్వరులో బ్లాంకులున్నవని నమ్మి ఆమెపై కాల్చెను. అందున్నవి నిజమైన తూటాలు. అవి లక్ష్యపు కాగితమునకు చక్కని రంధ్రము పడుటకై, గుండు మొన లేక, ఇత్తడి అంచుతో సమముగా దిగియుండు జాతివి. పైనుండి చూచినవానికి గుండు పొడుచుకొని కనబడదు. భర్త కన్నులయెదుటనే ఆమె కూలినది. నగరపాలకులు 20 లక్షల డాలర్లకు పైగా పరిహారమిచ్చిరి. ఆ ఉద్యోగికి 2019లో పదేండ్ల ప్రొబేషను విధించిరి. అతడు క్రూరుడని ఎవ్వరును అనలేదు. నమ్మినాడు, అంతే.

నమ్మకముమీద ఆధారపడని ఉపాయములను వెదకినవారు లేకపోలేదు. బ్రిటిషువారు కసరత్తుతూటాల పక్కలందు నిలువుగాడులు తీసి ఎరుపు పూసిరి. చీకటిలో సైతము వ్రేళ్ళకు భేదము తెలియును. 1980ల దశకమున కెనడాలో శిక్షణకై రూపొందిన రంగుగుండ్లది ఇంకను తెలివైన మార్గము: వానికొరకు తుపాకి గొట్టమునే మార్చుదురు, ఆ మార్చిన గొట్టమున నిజమైన తూటా దూరనే దూరదు. మనవారి క్రమశిక్షణయు తక్కువది గాదు. ఫైరింగ్ రేంజిలో ‘ఖాలీ కర్’ అను ఆజ్ఞ, తుపాకి తెరిచి చూపుట, ప్రేలిన తూటాల ఖాళీ గొట్టములగు ఖోకాలను ఒక్కటి పోకుండ లెక్కపెట్టి అప్పగించుట ప్రతి జవానుకును అలవాటే. కాని ఖోకాల లెక్క కాల్పుల తరువాతిది. బల్లచుట్టు పిల్లలు మూగినచోట కావలసినది దానికి ముందటి లెక్క.

ధర్మసాగరునకు మామునూరు మరీ దూరము గాదు. అచట పోలీసు శిక్షణ కళాశాలయు, ప్రత్యేక పోలీసు నాలుగవ పటాలమును కలవు. ఖాకీ కల గనని పల్లె ఈ చుట్టుప్రక్కల అరుదు, పిల్లలు ఇట్టి ప్రదర్శనములకు పోవలెను గూడ. వారిని వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులకు ఒక్క మనవి: లోనికి అడుగిడుటకు ముందే అచటి అధికారిని కలిసి, ఈ మైదానమున నిజమైన తూటా ఒక్కటియైనను ఉన్నదా యని అడుగుడు. ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో’, అనగా ఆయుధాగారమున, ‘తాళము వేసి వచ్చితిమి’ అను సమాధానము రావలెను. ‘ఉన్నది గాని భయములేదు’ అన్నచో పిల్లలను బస్సునుండి దింపకుడు.