గాజు వెనుక బంగారం

చిత్రకారులు సాధారణంగా ముందు నేపథ్యాన్ని పూసి, దానిపై ఆకృతిని నిలిపి, చిట్టచివర కన్నులు దిద్దుతారు. గాజు వెనుక బొమ్మ వ్రాసేవానికి ఆ సౌకర్యం లేదు. అతడు మొట్టమొదట దిద్దవలసినది కనుపాపను. తరువాత కనుబొమ, తిలకం, ముత్యాల పేట; ఆ పైన ముఖానికి రంగు; అన్నింటికీ ఆఖరున వెనుకనున్న తెర, ఆకాశం. చూపరి గాజుకు ఆవలివైపున నిలబడతాడు కనుక ముందు వేసినదే అతనికి ముందు కనిపిస్తుంది. చెక్కిలికి రంగు పూసిన తరువాత కంటిలో దోషం బయటపడితే, చెక్కిలిని తుడిచివేయడం తప్ప మార్గాంతరం లేదు.

కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. దేవుని అభయహస్తం ఎడమచేయి కాకుండా వుండాలంటే నమూనానే అద్దంలోని నీడవలె తిప్పి గీసుకోవాలి. బొమ్మ క్రింద పేరు వ్రాయదలిస్తే అక్షరాలు కూడా తిరగబడే నడవాలి.

ఈ తలక్రిందుల విద్య 18వ శతాబ్దంలో చైనాలోని కాంటన్ రేవు నుంచి ఓడలమీద మన దేశానికి వచ్చిందని కళాచరిత్రకారుల అభిప్రాయం. ఐరోపాలో తయారైన గాజుపలకలు కాంటన్ చేరి, అక్కడ బొమ్మలై తిరిగి ఓడ ఎక్కేవి. దక్షిణాదిలో అది బాగా వేళ్లూనిన చోటు తంజావూరు. అక్కడి చిత్రకళకు పేరుతెచ్చిన వారిలో రాజులనే తెలుగు కుటుంబాలు ముఖ్యమైనవి. 1565లో విజయనగరం పతనమైన తరువాత, ఆశ్రయం వెతుక్కుంటూ దక్షిణానికి తరలిన చిత్రకారుల సంతతివారని వారిని చెబుతారు. మొదట తెలుగు నాయక రాజులు, పిమ్మట మహారాష్ట్ర ప్రభువులు వారిని పోషించారు. 1798 నుంచి 1832 వరకు పాలించిన రెండవ శరభోజి కాలంలో తంజావూరు చిత్రకళ మిక్కిలిగా వర్ధిల్లింది.

చెక్కపలకపై సుద్దతో ఉబ్బెత్తుగా నగలు దిద్ది, వాటిపై బంగారు రేకు అతకడం తంజావూరు సంప్రదాయం. గాజు వెనుక ఆ ఉబ్బెత్తు పని సాగదు. నగలున్నచోట గాజును ఖాళీగా వదలి, వెనుకనుంచి బంగారు రేకు అతికేవారు. కొనుగోలుదారు అంత కలవాడు కాకపోతే రేకు స్థానంలో నలిపిన తళుకు కాగితం వుంచేవారు. నిజం చెప్పాలంటే, దీపం వెలుగులో ఈ పేదవాని తళుకే ఒక్కొక్కప్పుడు ఎక్కువ అందంగా మెరుస్తుంది. ముడతలలో వెలుగు విరిగి, దీపం కదలినప్పుడల్లా హారం కూడా కదలినట్లు తోస్తుంది. 1980లో వెలువడిన తన గ్రంథంలో జయా అప్పాసామి ఈ గాజు చిత్రాలను ప్రత్యేకంగా పరిశీలించారు. అంతకుముందే వాటి వెలుగు తగ్గింది. 1894లో బొంబాయిలో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం, దానివంటి ఇతర అచ్చుశాలలు రంగుల దేవతా పటాలను చౌకగా ఇంటింటికీ చేర్చాయి. చేతితో వ్రాసిన బొమ్మ అచ్చుపటంతో ధరలో పోటీపడలేకపోయింది.

ఇక రేకు పని. ఐరోపాలో దీనికి స్థిరపడిన పేరు 18వ శతాబ్దపు పారిస్ నగరంలోని గ్లోమీ అనే పటాల చట్రాల పనివానిది. విద్య మాత్రం అతనికంటె ఎంతో పాతది. రోమన్లు 4వ శతాబ్దం నాటికే రెండు గాజుపొరల నడుమ బంగారు బొమ్మలు బిగించేవారు. బంగారు రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఒక గ్రాము బంగారంతో దాదాపు అర చదరపు మీటరు కప్పవచ్చు. అటువంటి రేకును వ్రేళ్లతో ముట్టుకుంటే నలిగిపోతుంది. ఉడుత వెంట్రుకల వెడల్పాటి కుంచెను చెంపకు ఒకసారి రుద్దితే, చర్మంపై వుండే చమురే రేకును అంటిపెట్టుకోవడానికి చాలు. సుద్దతో మచ్చలేకుండా శుభ్రపరచిన గాజుపై కొద్దిపాటి జెలటిన్ కరిగించిన నీరు పారిస్తారు. కుంచెను దగ్గరకు తేగానే రేకు తానై ఎగిరి నీటిమీద వాలుతుంది. పనివాడు ఊపిరి బిగబట్టే క్షణమది. నీరు ఆరేకొద్దీ రేకు గాజుకు బిగుసుకుని అద్దంవలె మెరుగెక్కుతుంది. ఆ పైన సూదిమొనతో లతలు గీసి, వెనుక నల్లరంగు పూస్తారు. తలుపుల అద్దాలకు, నిలువుటద్దాల అంచులకు ఈనాటికీ ఇదే పద్ధతి.

చిత్రానికి శత్రువు గాజు పగలడం ఒక్కటే కాదు, చెమ్మ కూడా. గాజు తేమను పీల్చదు. జిగురు, రంగు పీల్చుతాయి. అవి ఉబ్బి, ఆరి, పెచ్చులై లేస్తాయి. రెండు ఋతుపవనాలలోనూ వానలు చూసే అండమాన్ దీవులు ఇందుకు కఠిన పరీక్ష. అక్కడ ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది, చుట్టూ ఉప్పుగాలి. 2011 జనగణన ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే కనుక ఈ సంగతి వారి ఇళ్లకు సంబంధించినదే. రాగి, యశదం కలిసిన నకిలీ రేకు అటువంటి గాలికి పచ్చబడుతుంది; వెండి నల్లబడుతుంది. మేలిమి బంగారం చెక్కుచెదరదు, కాని దాని క్రింది జిగురు చెదరవచ్చు. అందుకనే నేర్పరులు వెనుక పూతను రేకు అంచు దాటించి వేసి, చెమ్మకు దారి మూస్తారు.

ఇంటిలో పాత గాజుపటం వున్నవారు దానిని వాన తగిలే గోడకు తగిలించరాదు. చట్రానికి వెనుక చిన్న చెక్కముక్కలు అతికితే గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది. ముందువైపు పొడిగుడ్డతో తుడవవచ్చు. వెనుకవైపు తడిగుడ్డ తగలరాదు. లోపల రంగు పెచ్చులు రాలుతున్నట్లు కనిపిస్తే పటాన్ని కదిలించి చూడవద్దు. నిదానంగా దించి, బొమ్మ ముఖం క్రిందికి వచ్చేటట్లు మెత్తని గుడ్డపై పరుండబెట్టాలి. అప్పుడు ఊడిన పెచ్చులు తమ తమ చోట్లనే, గాజుమీదనే, వాలి వుంటాయి.